పండుగ రాత్రుల్లో పసిపిల్లలు: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

డిసెంబరు నెల వచ్చిందంటే మన ఇళ్ళలో సందడి మొదలవుతుంది. గోడలకు సున్నాలు, ఇంటి మీద స్టారు, సండే స్కూలు పిల్లల నాటికలు, రాత్రుళ్ళు కేరల్స్, సెమీ క్రిస్మస్ కూడికలు, 25వ తేదీ ఆరాధన, ఆ తరువాత 31వ తేదీ రాత్రి వాచ్ నైట్ సర్వీసు. అవి ముగిసీ ముగియకముందే సంక్రాంతి సెలవులు. బంధువులు వస్తారు, మనమూ ఊళ్ళకు వెళ్తాము. పిల్లలకు ఇంతకంటే సంతోషమైన రోజులు ఏడాదిలో లేవు.

పిల్లలకు దగ్గు, ఆయాసం ఎక్కువగా వచ్చేది కూడా ఈ చలి రోజుల్లోనే. అందుకే ఈ నెల పత్రికలో అయిదేళ్ళలోపు పిల్లలున్న కుటుంబాల కోసం కొన్ని సంగతులు వ్రాస్తున్నాము. దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ముఖ్యంగా అమ్మమ్మలకు, నాయనమ్మలకు, తండ్రులకు.

ఒక ఇంటిని ఊహించుకోండి. ఇది ఏ ఒక్కరి కథా కాదు, మనలో ఎవరి ఇల్లయినా కావచ్చు. డిసెంబరు 24 సాయంత్రం. ఎనిమిది నెలల బిడ్డకు రెండు రోజులుగా జలుబు. ఈ పూట పాలు సరిగా తాగలేదు, ఊపిరి గబగబా తీస్తున్నట్టు తల్లికి అనిపించింది. అత్తగారితో చెప్పింది. "పడిశమేనమ్మా, చలికి అలాగే ఉంటుంది. పండుగ వెళ్ళాక చూపిద్దాం" అన్నది ఆమె. తండ్రి కేరల్స్ బృందంతో వెళ్ళాడు. డబ్బులు అతని దగ్గరే ఉన్నాయి. పొయ్యి మీద నూనె మూకుడు ఉంది. ఆ తల్లి ఇప్పుడు ఏమి చేయాలి? ఈ వ్యాసం ఆ తల్లి కోసమే.

చలికాలంలోనే ఎందుకు?

"చలిగాలి తగిలింది, నిమోనియా వచ్చింది" అని చాలామంది అంటారు. నిజానికి నిమోనియా తెచ్చేది గాలి కాదు, క్రిములు. వైరస్‌లు గాని, బాక్టీరియా గాని ఊపిరితిత్తులలో చేరినప్పుడు నిమోనియా వస్తుంది. చలికాలంలో తలుపులు, కిటికీలు మూసుకుని ఒకే గదిలో పదిమంది పడుకుంటాము. ఒకరు దగ్గితే ఆ తుంపరలు అందరికీ చేరుతాయి. దానికి తోడు కట్టెల పొయ్యి పొగ, దోమల చుట్టల పొగ, బీడీ సిగరెట్ల పొగ కలిస్తే పసివారి ఊపిరితిత్తులు త్వరగా దెబ్బతింటాయి. అరకు, పాడేరు, లంబసింగి వంటి మన్యం ఊళ్ళలోనూ, ఆదిలాబాద్ వైపూ చలి మరీ ఎక్కువ కనుక అక్కడ ఇళ్ళు మూసుకోవడమూ ఎక్కువే.

పెద్దవారికి జలుబు చేస్తే ముక్కు చీదుకుంటారు. పసిబిడ్డకు ఆ శక్తి లేదు. పైగా నెలల బిడ్డలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు, వారి శ్వాసనాళాలు చాలా సన్నవి. కాస్త వాపు, కాస్త కళ్ళె చేరినా గాలి దారి సగం మూసుకుపోతుంది. అందుకే పెద్దవారికి మామూలు జలుబు తెచ్చిన వైరసే పసిగుడ్డుకు ఆయాసం తెప్పించగలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో అయిదేళ్ళలోపు పిల్లల మరణాలలో 14 శాతం నిమోనియా వల్లనే జరిగాయి. అంటే ఏడు లక్షలకు పైగా పిల్లలు. సమయానికి గుర్తించి సరైన మందు ఇస్తే వీరిలో ఎక్కువమంది బ్రతికేవారే.

జలుబా, నిమోనియానా?

దీనికి యంత్రం అక్కరలేదు. ఒక గడియారం లేదా సెల్‌ఫోను చాలు. ఊపిరితిత్తులలో నీరు, చీము చేరినప్పుడు ఒక్కో శ్వాసతో శరీరానికి అందే ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి బిడ్డ ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంది. కనుక ఊపిరి లెక్కే మొదటి సాక్ష్యం.

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా, నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీయండి. పొట్ట, ఛాతీ ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో గుణించవద్దు, తప్పు వస్తుంది.

రెండు నెలల లోపు బిడ్డ: నిమిషానికి 60 లేదా అంతకు మించితే ప్రమాదం. ఒకసారి ఎక్కువ వస్తే మళ్ళీ లెక్కించి చూడండి.
రెండు నెలలు నిండి ఏడాది లోపు: 50 లేదా అంతకు మించితే.
ఏడాది నిండి అయిదేళ్ళ లోపు: 40 లేదా అంతకు మించితే.

రెండవ గుర్తు డొక్కలు ఎగరేయడం. బిడ్డ ఊపిరి లోపలికి తీసినప్పుడు ఛాతీ పైకి రావాలి. అలా కాక పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయని అర్థం. ఇది కనబడితే లెక్కతో పని లేదు, వెంటనే బయలుదేరాలి.

జ్వరం లేదు కాబట్టి నిమోనియా కాదు అనుకోవద్దు. నెలల బిడ్డలకు జ్వరం లేకుండా కూడా నిమోనియా రావచ్చు. రెండు నెలల లోపు బిడ్డకు ఒళ్ళు వెచ్చబడినా, చల్లబడినా, పాలు మానేసినా ఇంట్లో వైద్యం వద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకు రండి.

మామూలు జలుబయితే ఇంట్లో ఏమి చేయాలి?

ఊపిరి లెక్క బాగుండి, బిడ్డ పాలు తాగుతూ ఆడుకుంటూ ఉంటే అది మామూలు జలుబు. సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. తల్లిపాలు మరిన్నిసార్లు ఇవ్వండి. ముక్కు మూసుకుపోతే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు రెండు ముక్కులలోనూ వేసి, మెత్తని గుడ్డతో తుడవండి. పాలు ఇచ్చే ముందు, పడుకోబెట్టే ముందు ఇలా చేస్తే హాయిగా ఉంటుంది. ఏడాది దాటిన పిల్లలకు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా తేనె దగ్గును తగ్గిస్తుంది. ఏడాది లోపు బిడ్డకు మాత్రం తేనె నాకించకూడదు. దానిలో ఉండే ఒక రకం క్రిమి వల్ల నరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు.

దగ్గు మందుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా ప్రాంతంలో కల్తీ దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష పదార్థం దొరికింది. ఆ తరువాత కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దనీ, అయిదేళ్ళలోపు వారికి సాధారణంగా అవి అవసరం లేదనీ మరొకసారి హెచ్చరించింది. పోయిన ఏడాది మిగిలిన సీసా, పక్కింటి బిడ్డకు పనిచేసిన సీసా, షాపువాడు ఇచ్చిన సీసా, ఇవేవీ మీ బిడ్డకు పట్టవద్దు.

జ్వరానికి పారాసిటమాల్ మంచి మందే. కాని మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మి.గ్రా. చొప్పున పది కిలోల బిడ్డకు ఒకసారికి 150 మి.గ్రా. ఒక సీసాలో 5 మి.లీ.కి 125 మి.గ్రా. మందు ఉంటుంది, మరో సీసాలో 250 మి.గ్రా. ఉంటుంది. మొదటిదయితే 6 మి.లీ., రెండవదయితే 3 మి.లీ. మాత్రమే. సీసా మారిందని చూడకుండా పడితే మోతాదు రెండింతలవుతుంది. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లకు మించవద్దు. నాయనమ్మ ఒకసారి, తల్లి ఒకసారి తెలియక పట్టే ప్రమాదం పండుగ ఇంట్లోనే ఎక్కువ. గోడ మీద కేలెండరులో మందు పట్టిన సమయం వ్రాసి పెట్టుకోండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఇవి చేయవద్దు: ముక్కులో నూనె గాని ఆముదం గాని వేయడం (అది ఊపిరితిత్తులలోకి జారుతుంది), రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం కలిసిన బామ్ రాయడం, మరిగే నీళ్ళ గిన్నె దగ్గర కూర్చోబెట్టి ఆవిరి పట్టడం, జ్వరంతో ఉన్న బిడ్డకు మూడు స్వెట్టర్లు తొడగడం. పెద్దవారు వేసుకున్న బట్టల కంటే ఒక వరుస ఎక్కువ ఉంటే బిడ్డకు చాలు.

బాలింత, పసిగుడ్డు ఉన్న ఇల్లు

బాలింతకు చలి తగలకూడదని తలుపులన్నీ మూసి మంచం కింద నిప్పుల కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది. దయచేసి మానండి. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల్లీ బిడ్డా నిద్రలోనే ప్రాణం పోగొట్టుకోవచ్చు. సాంబ్రాణి పొగ కూడా పసిగుడ్డు ఊపిరికి మంచిది కాదు. స్నానమయ్యాక తల ఆరబెట్టడానికి పొడి తువ్వాలు చాలు.

పసిగుడ్డుకు అన్నిటికంటే మంచి కుంపటి తల్లి గుండె. బిడ్డకు టోపీ, మేజోళ్ళు తొడిగి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను తండ్రి కూడా ఇలా గుండెకు హత్తుకోవచ్చు.

పండుగకు వచ్చిన వారందరూ బిడ్డను ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనుకుంటారు. ప్రేమే, కాదనము. కాని జలుబు ఉన్నవారు దూరం నుండే దీవించాలి, మిగతావారు సబ్బుతో చేతులు కడుక్కుని ఎత్తుకోవాలి, ముఖానికి ముద్దు వద్దు. ఈ మాట తల్లి చెబితే "చదువుకున్న కోడలు" అని ఆడిపోసుకుంటారు. అందుకే ఇంటి పెద్దవారే చెప్పాలి. రెండు వారాలకు మించి దగ్గుతున్న బంధువు ఎవరైనా ఉంటే, బిడ్డను ఎత్తుకునే ముందు కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. క్షయ వ్యాధి పెద్దవారి నుండే పిల్లలకు వస్తుంది.

ఊరు వెళ్ళే హడావుడిలో టీకా తేదీ దాటనివ్వవద్దు. నిమోనియా తెచ్చే ఒక ముఖ్యమైన బాక్టీరియాను ఆపే పి.సి.వి. టీకా 2021 నుండి దేశమంతటా ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేయించాలి. కార్డు వెంట ఉంటే ఏ ఊరి ఆరోగ్య కేంద్రంలోనైనా వేస్తారు.

ఆరాధనకు, కేరల్స్‌కు వెళ్ళేటప్పుడు

పసిబిడ్డతో అర్ధరాత్రి ఆరాధనకు వెళ్ళలేకపోతే తల్లులు బాధపడుతుంటారు. పగటి ఆరాధనకు వెళ్ళండి, లేదా తల్లి ఒక పూట, తండ్రి ఒక పూట వెళ్ళండి. వెళ్తే తలుపు దగ్గర గాలి ఆడే చోట కూర్చోండి. స్పీకరు పెట్టె ముందు పిల్లలను కూర్చోబెట్టవద్దు. లారీ మీద, ఆటోలో కేరల్స్‌కు పసివారిని అర్ధరాత్రి దాకా తిప్పవద్దు.

కొవ్వొత్తుల ఆరాధనలో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆడపిల్లల నెట్ ఫ్రాకులు, నైలాన్ బట్టలు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. చిన్న పిల్లల చేతికి కొవ్వొత్తి ఇవ్వవద్దు. పశువుల పాకలో వేసే ఎండుగడ్డి పక్కన కొవ్వొత్తి గాని, అతుకులున్న వైరు గాని ఉండకూడదు. భోగి మంట దగ్గరా ఇదే మాట.

పెద్ద చర్చిలకు వెళ్ళేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి నేటికీ ప్రతి క్రిస్మస్‌కు దూరప్రాంతాల నుండి వేలాదిమంది వస్తారు. అటువంటి జనంలో పిల్ల చెయ్యి జారితే వెతకడం కష్టం. తండ్రి పేరు, ఫోను నంబరు కాగితం మీద వ్రాసి పిల్లల జేబులో పెట్టండి.

పిండివంటలు, బొమ్మలు, దీపాలు

అరిసెలు, గులాబీ పువ్వులు, జంతికలు చేసే రోజు పొయ్యి చాలాసార్లు నేల మీదే ఉంటుంది. పాకే బిడ్డకు, తప్పటడుగులు వేసే బిడ్డకు ఆ గదిలో చోటు లేదు. ఎవరో ఒకరు ఆ పూట బిడ్డనే చూసుకోవాలి. స్నానాల వేడినీళ్ళ బకెట్టు కూడా అంతే ప్రమాదం. ముందు చన్నీళ్ళు పోసి, తరువాత వేడినీళ్ళు కలపండి.

కాలితే వెంటనే కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి. మిగతా ఒంటికి చలి తగలకుండా దుప్పటి కప్పండి. టూత్‌పేస్టు, పసుపు, సిరా, ఐసు ముక్కలు వద్దు. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి రండి.

వేరుశనగ గుళ్ళు, శనగలు, జీడిపప్పు, రేగిపళ్ళ గింజలు చిన్న పిల్లల గొంతుకు అడ్డుపడతాయి. అయిదేళ్ళలోపు వారికి పప్పులు పొడి చేసే పెట్టండి. అప్పటివరకు ఆడుకుంటున్న బిడ్డ ఉన్నట్టుండి దగ్గి, మాట రాక, ముఖం నీలమైతే: ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి రెక్కల మధ్య అయిదుసార్లు గట్టిగా తట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో అయిదుసార్లు నొక్కండి. వచ్చేదాకా మార్చి మార్చి చేయండి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది.

పాటలు పాడే బొమ్మల్లో, మెరిసే దీపాల్లో గుండ్రటి బొత్తాం బ్యాటరీలు ఉంటాయి. ఒకటి మింగి అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చడం మొదలవుతుంది. "దొడ్డికి వస్తే పోతుందిలే" అనుకుని ఆగవద్దు. అది అత్యవసరం.

విందు తరువాత

మధ్యాహ్నం వండిన బిరియాని రాత్రి దాకా డేగిసాలో ఉంచి పిల్లలకు పెట్టవద్దు. విరేచనాలు మొదలైతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక పెద్ద ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం కలపండి. రెండేళ్ళలోపు వారికి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుండి 100 మి.లీ., పెద్దవారికి 100 నుండి 200 మి.లీ. చెంచాతో పట్టండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి. దీనితోపాటు జింకు 14 రోజులు: ఆరు నెలల లోపు రోజుకు 10 మి.గ్రా., ఆపైన 20 మి.గ్రా. తల్లిపాలు, అన్నం ఆపవద్దు.

షాపుల్లో అమ్మే తీపి పానీయాల డబ్బాలు ఓ.ఆర్.ఎస్. కావు. వాటిలో పంచదార ఎక్కువ కనుక విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డా. శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ, అటువంటి పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అనే మాట వాడరాదని ఆదేశించింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉందో లేదో చూసి కొనండి.

అమ్మ ఒక్కతే కాదు

పండుగ వారంలో తల్లి తెల్లవారుజామున లేచి అర్ధరాత్రి పడుకుంటుంది. బిడ్డలో మార్పును మొదట గుర్తించేది ఆమే, కాని నిర్ణయం ఆమె చేతిలో ఉండదు. చాలా ఆలస్యాలు ఇక్కడే జరుగుతాయి. అందుకే పండుగకు ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ నాలుగు మాటలు అనుకోండి.

1. బట్టలకు, వంటలకు తీసిన డబ్బులో కొంత ఆసుపత్రికని తల్లి చేతికి ఇవ్వాలి.
2. రాత్రి వేళ ఎవరి బండి పిలవాలో తెలిసి ఉండాలి. ఆంధ్ర, తెలంగాణ రెండింటిలోనూ 108 అంబులెన్సు ఉచితం.
3. టీకా కార్డు, పాత చీటీలు ఒకే సంచిలో ఉండాలి.
4. "బిడ్డ బాగోలేదు" అని తల్లి అంటే ఎవరూ వాదించకుండా ఊపిరి లెక్కించాలి.

క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా పగలైనా, రాత్రైనా, పండుగైనా వెంటనే రండి: పాలు గాని నీళ్ళు గాని తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, మగతగా పడి ఉండటం, డొక్కలు ఎగరేయడం, ఊపిరి లెక్క దాటడం, నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా ఊపిరి తీస్తుంటే గొంతులో గురగుర శబ్దం, పెదవులు నీలమవడం.

ఇప్పుడు మళ్ళీ ఆ ఇంటికి వెళ్దాము. తల్లి పొయ్యి ఆపింది. బిడ్డ చొక్కా తీసి ఫోనులో నిమిషం పెట్టి లెక్కించింది. 58. అత్తగారిని పిలిచి, "మీరు కూడా లెక్కించండి అత్తమ్మా" అన్నది. ఆమెకు 57 వచ్చింది. ఎనిమిది నెలల బిడ్డకు 50 దాటకూడదు. ఇక వాదన లేదు. అత్తగారే కొడుక్కి ఫోను చేసి రమ్మన్నది, కోడలి వెంట తానూ బయలుదేరింది. ఆ రాత్రి ఆ ఇంట్లో పిండివంట సగంలో ఆగిపోయి ఉండవచ్చు. వేళకు మందు అందితే ఇలాంటి బిడ్డలు ఎక్కువమంది కొద్ది రోజుల్లోనే కోలుకుంటారు. పిండివంట ఎప్పుడైనా చేసుకోవచ్చు.

పండుగ రోజున కూడా ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, నర్సులు ఉంటారు. "పండుగ పూట ఇబ్బంది పెట్టడమెందుకు" అని మొహమాటపడవద్దు. మామూలు జలుబేనని తేలితే మీతోపాటు మేమూ సంతోషిస్తాము.

మీ ఇంటిల్లిపాదికీ, మీ పసివారికీ క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు.